ఈ మాటలు ఈ మనిషి చెప్పలేదు

జూన్ 3

ఆడపడుచు గారి సముఖానికి,

ఫోన్ ఉండగా వదిన ఉత్తరం రాయడమేమిటని కవరు తిప్పి తిప్పి చూస్తుంటావు. కారణం ఉంది. నా గొంతు ఇప్పుడు నా ఒక్కదానిదే కాదు, ఎవరో కంపెనీవాళ్ళది కూడా. చేతిరాత మాత్రం ఇంకా నాదే. కోడి కెలికినట్టుండే ఈ రాతను దొంగిలించాలని ఎవరికీ బుద్ధి పుట్టదు.

సోమవారం నేను షుగర్ క్లినిక్ తలుపు తీసేసరికి బయట బెంచీ మీద ఉన్నవాళ్ళంతా నన్ను అదోలా చూశారు. నా పని నీకు తెలిసిందే. మందు రాసేది డాక్టరు, ఇన్సులిన్ ఎలా వేసుకోవాలో, కాళ్ళు ఎలా చూసుకోవాలో నేర్పేది నేను. సూదంటే భయపడేవాళ్ళని బుజ్జగించి, తిట్టి, చెయ్యి పట్టుకుని దారికి తేవడమే ఇన్నేళ్ళుగా నా ఉద్యోగం. అలాంటిది ఆ రోజు వాచ్‌మన్ తాత, "సూదులు మానేయమన్నావంట కదా సిస్టరమ్మా, మరి నువ్వింకా ఇక్కడ కూర్చుని ఏం చేస్తావు?" అని అడిగాడు.

ఫోన్ తీసి చూపించాడు. అందులో నేనే. నా తెల్ల యూనిఫామ్, నా కళ్ళజోడు, నా గొంతు. ఆసుపత్రివాళ్ళు ఎప్పుడో తీసిన వీడియోలోంచి నన్ను ఎత్తుకెళ్ళి, కంప్యూటర్‌తో కొత్త మాటలు పలికించారు. "ఇరవై ఏళ్ళు మీకు సూదులు పొడిచాను. ఇక నా మనసు ఒప్పుకోవట్లేదు. రోజుకో చెంచా ఈ పొడి తాగండి, సూదిని చెత్తబుట్టలో పడేయండి." అబద్ధం చెప్పినా అతికినట్టుండాలంటారు. వీళ్ళు నా ముఖానికే అతికించారు.

మీ అన్నయ్య దాన్ని రెండుసార్లు చూసి, "ఇందులో ఎంత నెమ్మదిగా మాట్లాడుతున్నావో, ఇంట్లో కూడా ఇలా ఉంటే ఎంత బాగుండేది" అన్నారు. నేనూ నవ్వాను. టైలరక్క వచ్చాక నవ్వు పోయింది.

నా యూనిఫామ్‌లు కుట్టేది ఆవిడే. ఆసుపత్రి ఎదురుగా మెట్ల కింద కొట్టు, ఒక్క మిషను, ఒక్క మనిషి. చాలా ఏళ్ళుగా నా పేషెంటు కూడా. మిగిలిన ఇన్సులిన్ సీసాలు తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ఎవరికైనా ఇవ్వు, నాకిక అక్కర్లేదు. నువ్వే చెప్పావుగా" అంది. అది నేను కాదు మొర్రో అని ఎంత మొత్తుకున్నా నా వైపు జాలిగా చూసింది. "ఆసుపత్రివాళ్ళు నీ చేత ఇక్కడ ఇలా చెప్పిస్తున్నారని తెలుసులే. నీ మనసులో మాట అందులో చెప్పావు." అదీ సంగతి. ఆ బొమ్మ నా మనసట, నేను అద్దె నోరట.

నువ్వు ప్రకటనల నియంత్రణ శాఖలో ఉన్నావు, అందులోనూ నిబంధనలు రాసే చోట. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు, ఆ సగం పెత్తనం ఈసారి వాళ్ళ మీద చూపించు. ఆవిడ సూది మానేస్తే ఎక్కువ రోజులు నిలబడదు. తొందరగా తీయించు.

నీ మీద గంపెడాశతో,
వదిన

*

జూన్ 11

వదినకు,

నీ ఉత్తరం చదువుతూ బల్ల మీద గుద్దాను. పక్కనున్న టీ కప్పు పడి, నా మూడు రోజుల పని తడిసింది. నీ ముఖం పెట్టుకుని వాళ్ళు వ్యాపారం చేస్తారా? నీ ముఖం చూసి మా అన్నయ్యే ఇన్నాళ్ళకి భయపడటం మానేశాడు, వీళ్ళకెంత ధైర్యం.

కంగారు పడకు. పోయిన ఏడాది మేం తెచ్చిన నిబంధన ఇలాంటి వాళ్ళ కోసమే. కంప్యూటర్ సృష్టించిన మనుషులతో చేసే ఏ ప్రకటన మీదైనా, చూసేవాళ్ళకు తెలిసేలా, "కృత్రిమ మేధతో రూపొందించబడినది" అని కింద రాసి తీరాలి. ఆ వాక్యం రాసింది ఎవరనుకున్నావు, మీ ఆడపడుచే. మా పెద్దసారు దాన్ని ఒక్క అక్షరం కూడా మార్చకుండా సంతకం పెట్టారు. ఆ రోజు స్వీట్లు కూడా పంచాను.

ఆ లేబుల్ లేకపోతే ప్రకటన తీసేయించడం ఒక్క పూట పని. ఉందో లేదో చూసి రాయి. నీ పేరుతో మా శాఖకు ఫిర్యాదు పంపు. ఒక్క మాట, ఫిర్యాదు నీది కాబట్టి నేను ఆ ఫైలు నుంచి తప్పుకుంటున్నాను. దాని గురించి నన్నేమీ అడగొద్దు. ఇంకా రాయాలని ఉంది, మీటింగుకు పిలుస్తున్నారు. ఏసీ కింద పెట్టిన బక్కెట్టు నిండిందని కూడా పిలుస్తున్నారు. రెండింటికీ నేనే వెళ్ళాలి.

నీ అర్ధమొగుడు

*

జూన్ 20

అమ్మాయికి,

లేబుల్ ఉంది. కింద, చిన్న అక్షరాల్లో, నువ్వు రాసినట్టే ఒక్క అక్షరం కూడా మారకుండా ఉంది.

పోయిన గురువారం టైలరక్క కొట్టు మధ్యాహ్నమైనా తీయకపోతే పక్క కొట్టువాళ్ళు తలుపు పగలగొట్టారు. మిషను పక్కన స్పృహ లేకుండా పడి ఉంది. షుగర్ ఆకాశంలో ఉంది. రెండు రోజులు వార్డులో ఆమె పక్కనే ఉన్నాను. బతికింది. మిషను తొక్కే కాలికి బొటనవేలి పక్కన పుండు పడింది. ఆ కాలు పోతే ఆమె బతుకుతెరువు పోతుంది. కాలు పోవచ్చని డాక్టరు నాకు చెప్పాడు, ఆమెకు ఇంకా చెప్పలేదు.

కళ్ళు తెరిచాక నెమ్మదిగా అడిగాను. "అక్కా, అది కంప్యూటర్ చేసిన బొమ్మ అని కింద రాసి ఉంది కదా, చదవలేదా?" చదివిందట. "చదవకేం. మేధ అని రాశారు. మేధ అంటే తెలివే కదా. పెద్ద పెద్ద మేధావులు కూర్చుని తయారుచేసిన మందు అనుకున్నాను. అది చూశాకే డబ్బా తెప్పించాను" అంది.

మరి "కృత్రిమ" అని కూడా ఉంది కదా అంటే, అదేదో కంపెనీ పేరనుకుందట.

కంచే చేను మేసిందంటే ఏమో అనుకున్నాను. ఆ మాట రాసింది మా ఆడపడుచే అని మాత్రం ఆమెకు చెప్పలేదు. నువ్వు స్వీట్లు పంచానని రాసిన ఉత్తరం నా సంచిలోనే ఉంది.

ఫిర్యాదు పంపాను. ఫైలు నుంచి తప్పుకుంటున్నావని రాశావు. మంచిది. మాకు తప్పుకునే దారి లేదు, ఇక్కడే ఉంటాం.

వదిన

*

జూలై 1

వదినకు,

నీ ఉత్తరం చదివాను. నువ్వు అన్న మాటలు తగిలాయి. తగలాల్సినవి కొన్ని, తగలకూడనివి కొన్ని.

ముందు తగలకూడనిది. తప్పుకోవడం అంటే చేతులు దులుపుకోవడం కాదు. మా ఇంటి మనిషి ఫిర్యాదు మీద నేను వేలు పెట్టానని తేలితే, కంపెనీ వకీలు ఆ ఒక్క కారణంతో మొత్తం కేసు కొట్టేయిస్తాడు. నీ ఫైలు నిలబడాలనే నేను దూరంగా నిలబడ్డాను. ఆ నాలుగు మాటలు అప్పుడే రాసి ఉంటే నీకింత బాధ ఉండేది కాదు. బక్కెట్టు కోసం లేచి వెళ్ళాను.

ఇక తగలాల్సింది. ఫిర్యాదు మీద నాకు అధికారం లేదు, నిబంధన మీద ఉంది. కాబట్టి ఆ మాట మార్చేదాకా వదలను.

ఆ వాక్యం పెద్దక్షరాలతో అట్ట మీద రాసుకుని మా భవనం గుమ్మంలో నిలబడ్డాను. వచ్చేపోయేవాళ్ళని, "ఒక మందు డబ్బా మీద ఇలా ఉంటే ఏమనుకుంటారు?" అని అడిగాను. ఒకాయన చాలా పరిశోధన చేసిన మందన్నాడు. ఒకావిడ, పిల్లలకు జ్ఞాపకశక్తి పెరగడానికా అని అడిగింది. అది నకిలీ మనిషి అన్నవాళ్ళు చాలా కొద్దిమంది. మనం హెచ్చరిక రాశామనుకున్నాం వదినా, వాళ్ళు దాన్ని మెప్పుగా చదివారు.

పెద్దసారు దగ్గరికి వెళ్ళాను. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. "పారిభాషిక పదకోశంలో ఉన్న మాట అది. దాన్ని కాదని ప్రభుత్వం ఇంట్లో మాట్లాడుకున్నట్టు మాట్లాడుతుందా?" అన్నారు. "ఇంట్లో కూర్చునే కదండీ జనం అది చూసేది" అన్నాను. నా మాట తప్పని నిరూపిస్తానని ఆ అట్ట ఇంటికి పట్టుకెళ్ళారు. మర్నాడు చాలాసేపు కాగితాలు సర్దుకుని, తలెత్తకుండానే చెప్పారు. "మా ఆవిడ కూడా మేధావులు చేసిందే అంది. కాలేజీలో పాఠాలు చెప్తుంది మా ఆవిడ." ఆ తర్వాత, "సరే, కొత్త వాక్యం రాసి పట్టుకురా" అన్నారు.

విచారణ నెలాఖరుకు ఉంటుందట. నిన్ను పిలుస్తారు. కంపెనీ ఏమంటుందో నాకు ఇప్పుడే తెలుసు, మీరు చెప్పిన లేబులే పెట్టాం అంటుంది. నీతోపాటు టైలరక్కను కూడా తీసుకురాగలవా? ఆ పుండు వాళ్ళు కళ్ళారా చూస్తే ఇంకెవరూ వాదించలేరు.

నీ కోపం తగ్గాలని కోరుతూ,
ఆడపడుచు

*

జూలై 9

అమ్మాయికి,

కోపం తగ్గింది. అందులో సగం నీ బక్కెట్టు మీదికి మళ్ళింది. మిగతా సగం ఈ ఉత్తరం కోసం దాచాను.

టైలరక్కను తీసుకురాను. ఆమె కాలు మీ ఫైలుకు అతికించే కాగితం కాదు. నువ్వు అలా అనలేదని నాకు తెలుసు, కానీ రాత అలాగే ఉంది. ఒక మాట జనం ఎలా చదువుతారో చూడాలని అట్ట పట్టుకుని నిలబడ్డ మనిషివి, నాకు రాసేది కూడా ఒకసారి చదువుకోవచ్చు కదా.

అసలు ఆమె రాదు కూడా. వార్డు నుంచి ఇంటికి వెళ్ళింది. వెళ్ళిన రెండో రోజే మళ్ళీ పొడి మొదలుపెట్టింది. నేను వెళ్తే తలుపు ఓరగా తీసి మాట్లాడింది. స్పృహ తప్పింది పొడి వల్ల కాదట, మొదట్లో చెంచాకు తక్కువ వేసుకోవడం వల్లనట. ఆ సంగతీ ఫోన్లోనే విన్నది, అదీ నా గొంతుతోనే. కంపెనీవాళ్ళు నా చేత రెండో ప్రకటన చెప్పించారు.

"నేనిక్కడ నీ గుమ్మంలో నిలబడి చెప్తున్నాను కదక్కా" అన్నాను. ఆమె ఏమందో తెలుసా? "నువ్వు వచ్చి ఒక్కసారి చెప్తున్నావు. అది రోజుకి పదిసార్లు చెప్తోంది. నువ్వు విసుక్కుంటున్నావు, అది విసుక్కోవడం లేదు. ఎవర్ని నమ్మమంటావు?" మెట్లు దిగి వచ్చేశాను. దారంతా ఆలోచించాను. నిజమే, నేను విసుక్కుంటాను. క్లినిక్‌లో అందరి మీదా అరుస్తాను. ఆ బొమ్మకు కాళ్ళు నొప్పులు లేవు, ఇంటికెళ్ళి వంట చేసే పని లేదు. ఓపికలో దానితో పోటీ పడలేను.

అందుకే అది ఆగాలి. అది ఆగితే తప్ప నా మాట ఆమె చెవికి చేరదు. పుండు పాదం వైపు పాకుతోంది. విచారణకు నేనొక్కదాన్నే వస్తాను, చీల్చి చెండాడటానికి నా నోరు చాలు. మీ ఊళ్ళో నాకు తెలిసింది నువ్వొక్కదానివే. వరండాలో కనబడు, ధైర్యంగా ఉంటుంది.

వదిన

*

ఆగస్టు 2

వదినకు,

వరండాలో నువ్వు నన్ను చూసి నవ్వావు. నేను తల తిప్పుకుని పక్క గదిలోకి వెళ్ళిపోయాను. ఆ గదిలో పాత కుర్చీలు తప్ప ఏమీ లేవు, వాటి మధ్య నిలబడి ఏడ్చాను. కంపెనీ వకీలు నీ వెనకే మూడడుగుల దూరంలో ఉన్నాడు. మనిద్దరం ఒక్క మాట మాట్లాడుకున్నా అతనికి అదే చాలు. ముందుగా రాద్దామంటే, టైలరక్కను తెమ్మని ఒకసారి రాసిందే పొరపాటు, మళ్ళీ ఫైలు గురించి రాయకూడదని ఊరుకున్నాను. నువ్వు చేత్తో పట్టుకొచ్చిన పొట్లం అలాగే తీసుకెళ్ళిపోయావని తర్వాత మా ఆఫీసు వాచ్‌మన్ చెప్పాడు. అందులో ఏముందో ఇప్పుడు అడిగే ముఖం లేదు.

లోపల జరిగింది తీర్పు కాగితంలో చదివాను. "నిబంధన ప్రకారం లేబుల్ పెట్టాం, ఇంకేం చేయాలి?" అని వకీలు అంటే, నువ్వు లేచి, "నన్నడగాలి" అన్నావట. ఆ ఒక్క మాటే అన్నావట. అంత పెద్ద నోరున్న మా వదిన ఒక్క మాటతో సరిపెట్టిందంటే నేను నమ్మలేకపోయాను.

నిన్నడగకుండా నీ ముఖం వాడినందుకు రెండు ప్రకటనలూ ఆపేశారు. అవి ఎక్కడెక్కడ ఎన్నాళ్ళు వచ్చాయో, అక్కడే అన్నాళ్ళూ నిజంగా నువ్వే మాట్లాడే కొత్త వీడియో కంపెనీయే వేయాలి.

ఇక నిబంధన. నిన్న సంతకం అయింది. బతికున్న మనిషి ముఖంగానీ గొంతుగానీ వాడాలంటే ఆ మనిషి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. మందుల ప్రకటనలకైతే ఒప్పుకున్నా కుదరదు. మిగతా ప్రకటనల్లో కింద రాస్తే సరిపోదు, మొదట్లోనూ చివర్లోనూ ఆ బొమ్మే నోరు తెరిచి చెప్పాలి. "నేను నిజం మనిషిని కాదు. నన్ను కంప్యూటర్‌తో చేశారు." ఒకవేళ ఎవరైనా దొంగతనంగా నీలాంటి వాళ్ళ ముఖం వాడి దొరికిపోతే, ఆ ముఖం మీద అడ్డంగా వచ్చే వాక్యం వేరే ఉంది. "ఈ మాటలు ఈ మనిషి చెప్పలేదు." పదకోశంలో ఆ మాటలు ఏవీ లేవని పెద్దసారు ఇంకా గొణుగుతూనే ఉన్నారు. ఈసారి సంతకానికి ముందే అట్ట పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. అందరికీ అర్థమైంది.

ఈ నిబంధన మీద కంపెనీ పై కోర్టుకు వెళ్తుందట. వెళ్ళనీ. నేనూ వెళ్తాను.

టైలరక్క ఎలా ఉంది? స్వీట్లు పంచలేదు.

నీ ఆడపడుచు

*

ఆగస్టు 19

ఆడపడుచుకు,

వరండాలో నువ్వు తల తిప్పుకున్నందుకు నాకు కోపం రాలేదని అబద్ధం రాయను. రైలెక్కేదాకా నిన్ను తిడుతూనే ఉన్నాను. రైల్లో ఆ పొట్లం విప్పి, నీ కోసం అల్లిన శాలువా నేనే కప్పుకుని పడుకున్నాను. అది నాకే బాగుంది, ఇక ఇవ్వను. నీ ఉత్తరం చదివాక మాత్రం ఆ పాత కుర్చీల గది తలచుకుని నాకూ ఏడుపొచ్చింది. ఎంత కష్టపడ్డావే తల్లీ.

అసలు వీడియో వచ్చింది. ఎలా వచ్చిందంటే, కళ్ళజోడు జారిపోతూ, మధ్యలో దగ్గుతూ, "సూది మానకండి, మానితే చస్తారు" అన్నాను. కొంచెం మెత్తగా చెప్పమని వీడియో తీసినవాళ్ళు బతిమాలారు. నేను మారలేదు. మీ అన్నయ్య చూసి, "ఆ, ఇది నువ్వే" అన్నారు.

క్లినిక్ బెంచీ మెల్లగా నిండుతోంది. టైలరక్క మాత్రం రాలేదు. వాచ్‌మన్ తాతతో, "అదీ బొమ్మే, ఇదీ బొమ్మే, అవన్నీ ఫోన్లోంచి వచ్చేవేగా" అందట. నువ్వు అంత పోరాడి సాధించిన వాక్యం కూడా ఆమెకు ఇంకో ఫోను మాటే. ఆమెను తప్పుపట్టలేను. ఒకసారి కాలినవాళ్ళు చల్లటి పాలు కూడా ఊదుకుని తాగుతారు.

సంచిలో ఇన్సులిన్ పెట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళాను. మొదటి రోజు తలుపు తీయలేదు. రెండో రోజూ తీయలేదు. మెట్ల మీద కూర్చుని వచ్చేశాను. మూడో రోజు తలుపు తీసి, నన్ను కింది నుంచి పై దాకా చూసి, లోపలికి రమ్మంది. ఆ గది అంతా మందుల వాసన. కాలికి కట్టు కట్టి స్టూలు మీద పెట్టుకుంది. రెండు వేళ్ళు నల్లబడ్డాయి.

గోడకు తగిలించిన కొలత టేపు తీసి మెడలో వేసుకుంది. "వెనక్కి తిరుగు. చేతులు వదిలెయ్యి" అంది. ఈ పరిస్థితిలో బట్టలు కుడుతుందా అనుకుంటూనే వెనక్కి తిరిగాను. ఒంటికాలి మీద గోడ పట్టుకుని లేచి, నా మెడ దగ్గర్నుంచి ఒక భుజం కొలిచింది, రెండో భుజం కొలిచింది. మళ్ళీ ఒకసారి కొలిచింది.

"నీకు ఎడమ భుజం కిందికి దిగి ఉంటుంది. అందుకే నీ యూనిఫామ్ అటువైపు కాస్త దించి కుడతాను, ముడత పడకుండా. ఎవరికీ తెలీకుండా. నీకు కూడా చెప్పలేదు" అంది. నాకు నిజంగానే తెలియదు. "ఫోన్లో ఉన్నదానికి రెండు భుజాలూ సమానం. మొన్న మంచంలో పడుకుని నీ పాత కొలతలు గుర్తుచేసుకుంటుంటే అనుమానం వచ్చింది. అడుగుదామంటే సిగ్గేసింది."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడేముంది, నువ్వే" అని కూలబడినట్టు కూర్చుని, పొట్ట మీది బట్ట పక్కకి జరిపింది. "ఊ, వెయ్యి. ఇవాళ నువ్వే వెయ్యి. విసుక్కుంటే విసుక్కో."

వేశాను. ఆ తర్వాత ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఏడుపు మధ్యలోనే, రెండు నెలలు సూది మానినందుకు గట్టిగా అరిచాను కూడా. రెండు వేళ్ళు దక్కవు, సూది మానకపోతే పాదం మిగులుతుందని డాక్టరు అన్నాడు. ఒక కాలితో మిషను తొక్కడం నేర్చుకుంటానంటోంది.

నువ్వు పై కోర్టుకు వెళ్ళు, పట్టు వదలకు. అక్కడ గెలిస్తే వేలమందికి మేలు. టైలరక్కకు మాత్రం కాగితం చాలదు, రోజూ మనిషి వెళ్ళాలి. నేను వెళ్తున్నాను.

వదిన